సైర్ శబ్ద విచారము

ఆంగ్లమున తండ్రికి వాచకములైన ప్రాతపదములలో ‘సైర్’ అనునది యొకటి. నేటి ఆంగ్లేయుడెవ్వడును తన తండ్రిని ఈ పదముతో పిలువడు. నేడది మూడు తావుల మాత్రమే నిలిచియున్నది: ప్రాచీన కావ్యములయందు తండ్రి, పూర్వపురుషుడు అను నర్థములలో, చారిత్రక నాటకములయందును కథలయందును రాజసంబోధనముగా, గుఱ్ఱముల యొక్కయు పశువుల యొక్కయు వంశావళులలో మగ జనకజంతువునకు పేరుగా. తండ్రి, రాజు, పోతుగుఱ్ఱము – ఈ మూడర్థము లొక్క పదమున నెట్లు చేరినవని యడుగుట సహజము. ఇంతకంటె విశేష మేమన, ఈ పదముయొక్క కృశించిన రూపమే మన పాఠశాలలలోను, కచ్చేరీలలోను ప్రొద్దు వ్రాలులోపల వేయిసార్లు వినబడుచున్న ‘సర్’ లేక ‘సారు’. కావున దీని చరిత్ర ఆంగ్లాధ్యాపకులకు మాత్రమే సంబంధించినది కాదని మా యభిప్రాయము.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పినవి విద్యార్థులనోట తరచుగా వినవచ్చుచున్న రెండు వ్యుత్పత్తులు. మొదటిది, ‘సర్’ అనునది సంస్కృత ‘శ్రీ’ శబ్ద భవమనుట. రెండవది, ఆంగ్ల లిపిలో దానియందలి మూడక్షరములును మూడు పదముల తొలియక్షరములనియు, వాని భావము ‘దాసుడనై యుందును’ అనియు చెప్పుట. ఒకటి స్వదేశాభిమానమునుండియు, రెండవది పరపాలనాద్వేషమునుండియు పుట్టినవి. రెండును మనకు సానుభూతి కలిగింపదగిన భావములే. కాని భావము మంచిదైనంత మాత్రమున వ్యుత్పత్తి నిజము కాదు. రెండవదానిని త్రోసివేయుట సులభము. మధ్యయుగపు వ్రాతలలో ఈ పదమునకు స్థిరమైన వర్ణక్రమమే లేదు. నాలుగక్షరముల రూపములును, ఐదక్షరముల రూపములును కనబడును. తొలియక్షరములను గూర్చి పదములు కల్పించుట ఇరువదవ శతాబ్దిలో ప్రబలిన యలవాటు. ఏడెనిమిది శతాబ్దుల వయసు గల పదమునకు దానిని అంటగట్టుట తాతకు మనుమని జాతకము వ్రాయుట వంటిది.

‘శ్రీ’ వాదమును మాత్రము కొంత యోపికతో పరీక్షింపవలసియున్నది. ఏలయన అందు ధ్వనిసామ్యము కలదు, అర్థసామ్యమును కలదు. రెండును పేర్ల ముందు గౌరవార్థమున నిలుచును. ఇంత సామ్యము కలదని సంబంధము నిశ్చయించుటయే దోషము. పదమును దాని నేటి రూపమునుండి గాక, దొరకినంతవరకు దాని తొలిరూపమునుండి చూడవలెను.

తొలిరూపము లాటిను భాషలోనిది. ఆ భాషలో ‘సెనెక్స్’ అనగా వృద్ధుడు. దానికి ఆధిక్యబోధకమైన తరరూపము ‘సెనియోర్’. ఇరువురిలో పెద్దవాడని యర్థము. జనవ్యవహారమున, అందును సంబోధనమున, ఈ పదము నకారమును గోల్పోయి కుదించుకొనిపోయినది. పిలుపులు ఇట్లు అరుగుట ఏ భాషయందైనను గలదు. మన ‘ఏమి అయ్యా’ ‘ఏవయ్యా’ యగుట యట్టిదే. ఆ కుదించిన రూపమునుండి ప్రాచీన ఫ్రెంచియందు ‘సైర్’ పుట్టినది. ప్రాచీన ఫ్రెంచికి రెండు విభక్తులుండెడివి: కర్తకొకటి, తక్కినవానికొకటి. కర్తృరూపము సంబోధనమునకును చెల్లెడిది గావున ‘సైర్’ పిలుపుగా నిలిచినది. లాటిను ద్వితీయారూపమునుండి వచ్చిన ‘సెన్యర్’ ప్రభువు, భూస్వామి యను నర్థముల నిలిచినది. కుదించిన ద్వితీయారూపమునుండి వచ్చినదానికి ముందు ‘నా’ అను పదము చేర్పగా నేటి ‘మొస్యూ’ ఏర్పడినది. ఇటలీ, స్పెయిను, పోర్చుగలు దేశములలోని గౌరవపదములును ఈ కుటుంబములోనివే. ‘సర్’ను ‘శ్రీ’నుండి పుట్టించువారు ఈ సోదరపదము లన్నింటిని, వానియందలి నకారమును, దేనినుండి పుట్టింతురు?

ఐనను సంస్కృతముతో సంబంధమును గోరువారు నిరాశ చెందవలసిన పనిలేదు. లాటిను ‘సెనెక్స్’కు మూలమైన ధాతురూపమే వేదభాషలో పాతయను నర్థము గల ‘సన’ శబ్దమున నున్నది. లిథువేనియా భాషలోని ‘సేనస్’, ఐరిష్ భాషలోని ‘షాన్’ దీని సజాతీయములు. మనము నిత్యము వాడు ‘సనాతన’ శబ్దము ఈ ‘సన’నుండి వచ్చినదే. అనగా ‘సర్’కు మన భాషలలో చుట్టము కలదు, కాని ఆ చుట్టము ‘శ్రీ’ కాదు, ‘సనాతనము’. పైకి పోలికయున్నచోట సంబంధము లేకుండుటయు, పోలికయే లేనిచోట సంబంధముండుటయు భాషాశాస్త్రమున నిత్యానుభవము.

ఇక అర్థము మాట. పెద్దవాడను పదము ప్రభువాచకమగుటకు కారణము వెదుకుచు దూరము పోనక్కరలేదు. మన గ్రామములలో ‘పెద్దలు’ అనగా వయసు మీరినవారు మాత్రమే కారు, తీర్పు చెప్పువారు. ‘పెద్దమనిషి’ యనుటలో వయసు ప్రసక్తియే లేదు. ఫ్రాంకుల రాజ్యమున, ఎనిమిది తొమ్మిది శతాబ్దులలో, ‘సెనియోర్’ అనునది తన్నాశ్రయించిన భటులకు రక్షకుడైన ప్రభువునకు పేరైనది. ఇచట గమనింపదగిన దొకటి కలదు. ఆ యాశ్రితునకు పేరైన ‘వాసల్’ అను పదము కెల్టిక్ భాషలనుండి వచ్చినది. దాని మూలార్థము కుఱ్ఱవాడు. ఒకడు పెద్దవాడు, మఱియొకడు కుఱ్ఱవాడు. వీరి నిజవయస్సులతో ప్రమేయము లేదు. నలువదేండ్ల యాశ్రితునకు ఇరువదేండ్ల ప్రభువు ‘పెద్దవాడు’ కావచ్చును. భూస్వామ్యవ్యవస్థ తన యధికారసంబంధమునకు ఇంటిలోని వరుసలనుండి పేర్లు తెచ్చుకొన్నదని దీనివలన తెలియుచున్నది.

ఆంగ్లమునకు ఇట్టి పదము లేక అరువు తెచ్చుకొన్నదా యన, అదియు గాదు. ప్రాచీనాంగ్లమున ‘ఏల్డర్’ అనునది నాయకునకు పేరు. దాని బహువచనము తల్లిదండ్రులకును పూర్వులకును చెల్లెడిది. నేటి నగరసభలలోని ‘ఆల్డర్మన్’ దాని శేషము. ప్రభువునకు మఱియొక దేశ్యపదము ‘హ్లావర్డ్’ అనగా రొట్టెకు కాపరి. అదియే నేటి ‘లార్డ్’. అతని యింటి యజమానురాలి పేరునకు రొట్టెపిండి పిసుకునదియని యర్థము చెప్పుదురు. అది నేటి ‘లేడీ’. వెలనాటి యధికారపదము పెద్దరికమునుండియు, స్వభాషాపదము అన్నమునుండియు పుట్టుట ఆసక్తికరమైన విషయమే గాని, దీనినిబట్టి ఆంగ్లజాతి స్వభావమును నిర్ణయింపబూనుట తొందరపాటగును. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట పాలకవర్గపు భాష ఫ్రెంచి. ఆ వర్గపు పిలుపు క్రిందివారి నోటను నాటుకొన్నది. సుమారు 1200 నాటికి వీరులపేర్ల ముందు ‘సైర్’ ఆంగ్లమున కనబడుచున్నది. 13వ శతాబ్ది మధ్యకాలమునకు అది తండ్రియను నర్థమును బడసినది.

ఇచటనే మేము కొంత నిలువదలచితిమి. ‘తండ్రి ఇంటికి ప్రభువు గావున ప్రభువాచకము తండ్రికి పేరైనది’ అని నిఘంటుకారులు ఒక్కమాటతో సరిపెట్టుదురు. ఇది తప్పు కాదు గాని చాలదు. ఆంగ్లమున తండ్రికి పదము లేకపోలేదు. ‘ఫాదర్’ ఆ భాష పుట్టినప్పటినుండి యున్నది. ఉన్న పదమును కాదని కొత్త పదమేల? మా యూహ యిది: మొదట మాఱినది పేరు కాదు, పిలుపు. ఉన్నతకుటుంబముల పిల్లలు, సేవకులు, భార్య, ఎల్లరును ఇంటిపెద్దను ‘సైర్’ అని పిలిచిరి. పిలుపుగా వెలసినది క్రమముగా పేరైనది. మధ్యయుగపు ఆంగ్లకథలలో కొడుకులు తండ్రిని ఇట్లే సంబోధింతురు. ఈ మర్యాద చాలకాలము నిలిచినది. 19వ శతాబ్ది ఆదియందు జేన్ ఆస్టిన్ వ్రాసిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ నవలయందు పెరిగిన కొడుకులు తండ్రితో మాటాడునపుడు ‘సర్’ అనియే యందురు. ఆ నవలను తెనిగించువాడు అచట ‘అయ్యా’ యని వ్రాసిన, మన పాఠకులలో సగము మందికి తండ్రియని, సగము మందికి పరాయి పెద్దమనిషియని తోచును. ఈ చిక్కును గుఱించి ముందు చెప్పుదుము.

‘ఫాదర్’ ప్రసక్తి వచ్చినది గావున ఒక దోషమును సవరించుట యుచితము. సంస్కృత ‘పితృ’ శబ్దమునందలి తకారము గ్రిమ్ సూత్రముచే మాఱి ‘ఫాదర్’నందలి ఊష్మధ్వని యైనదని తరగతులలో బోధించుట కలదు. మొదటి యక్షరమున పకారము ఫకారమగుట గ్రిమ్ సూత్రమే. రెండవ ధ్వని కథ వేఱు. ప్రాచీనాంగ్లమున సోదరవాచకమునందు ఊష్మధ్వనియు, పితృమాతృవాచకములయందు దకారమును వినబడెడివి. ఒకే తకారము రెండు విధములుగా మాఱుటకు కారణమును 1870–80 దశకమున కార్ల్ వెర్నర్ కనుగొనెను: ‘భ్రాతృ’ శబ్దమున ఉదాత్తము మొదటి యచ్చుపై నున్నది, ‘పితృ’, ‘మాతృ’ శబ్దములలో తరువాతి యచ్చుపై నున్నది. ఉదాత్తము ముందు లేనిచోట ఊష్మధ్వని నాదమును పొంది తుదకు దకారమైనది. నేటి ‘ఫాదర్’లో మరల ఊష్మధ్వని వినబడుటకు కారణము 15, 16 శతాబ్దులలో ఆంగ్లమున కలిగిన వేఱొక మార్పు, వాతావరణవాచకమైన ‘వెదర్’ మున్నగువానిలో జరిగినదియు అదియే. చూపునకు సరియైనట్లుండు ఉదాహరణము నిజమునకు సూత్రమునకు సాక్ష్యము కాదు. ఉచ్చారణమును మాత్రము చూచి వ్యుత్పత్తి చెప్పరాదనుటకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు. గాథిక్ బైబిలులో తండ్రికి సాధారణముగా వాడబడిన పదము ‘అత్త’ యని వినినంతనే మన యత్తగారిని తలచుకొనువారికి సయితము ఈ హెచ్చరిక చెల్లును.

సుమారు 1300 నాటికి, పేరునకు ముందు ఊనిక లేని స్థానమున, ‘సైర్’ కుదించి ‘సర్’ అయినది. ఒక పదము రెండైనపుడు అర్థములు పంచుకొనుట పరిపాటి. గౌరవము చిన్నరూపమునకు పోయినది. వీరులకు బిరుదుగానే గాక, 17వ శతాబ్ది వఱకు మతాచార్యులకును ‘సర్’ చెల్లినది; షేక్స్పియర్ నాటకములయందు ‘సర్ హ్యూ’ యనబడు పాత్ర వీరుడు గాడు, గ్రామపురోహితుడు. ఇది తెలియక అతనికి ఖడ్గమిచ్చిన అనువాదములు రాగలవు. పదము తక్కువస్థాయికి దిగిన విధమును కలదు: 16వ శతాబ్దిలో ‘సిరా’ యను రూపము సేవకులను, బాలురను అదలించుటకు వాడబడినది. ప్రభువువలె ప్రవర్తించుట యను నర్థముతో పుట్టిన ‘సర్లీ’ నేడు చిటపటలాడువానికి విశేషణము. మాంసఖండమునకు పేరైన ‘సర్లాయిన్’ను ఎవరో రాజు విందులో మెచ్చి వీరునిగా చేసెనను కథ మాత్రము కల్పితము, అది ‘పై’ అను నర్థము గల ఫ్రెంచి పదమునుండి వచ్చినది.

పెద్దరూపమైన ‘సైర్’నకు మిగిలినవి రెండు కొసలు. ఒకటి సింహాసనము; రెండవది గుఱ్ఱపుసాల. రాజసంబోధనము కూడ నేడు బ్రిటనులో లేదు. 2022 నుండి రాజైన మూడవ ఛార్లెస్‌ను మొదట ఘనమైన బిరుదుతో పలుకరించి, తరువాత ‘సర్’ అనుటయే యచట మర్యాద. గుఱ్ఱపుసాల మాత్రము స్థిరముగా నున్నది. 1791లో జేమ్స్ వెదర్బీ ప్రకటించిన వంశావళీగ్రంథమునుండి నేటివఱకు పందెపు గుఱ్ఱములలో తండ్రి ‘సైర్’, తల్లి ‘డామ్’. ఆ జాతికి మూలపురుషులుగా లెక్కింపబడు మూడు గుఱ్ఱములును తూర్పుదేశములవి. వానిలో డార్లీ అరేబియన్ 1704లో అలెప్పోనుండి ఇంగ్లండునకు తేబడినది. ‘డామ్’ కథయు ‘సైర్’ కథకు ప్రతిబింబమే. గృహిణి, యజమానురాలు అను నర్థముల లాటిను పదమునుండి ఫ్రెంచి ద్వారా వచ్చిన ‘డేమ్’ బిరుదై మిగులగా, దాని రూపాంతరము పశువుల తల్లికి పోయినది. భార్యాభర్తల పదము లిద్దఱివి ఒకేవిధముగ చీలి, ఒక్కొక్క చీలిక సభకును, ఒక్కొక్క చీలిక సాలకును చేరుట అర్థపరిణామచరిత్రలో అరుదైన సొగసు.

దీనిని అర్థాపకర్షకు ఉదాహరణముగా జెప్పుట వాడుక. మేము పూర్తిగా ఒప్పుకొనజాలము. జాతిగుఱ్ఱపు వంశావళి ప్రభువంశావళివలె భద్రపఱుపబడినది. సాలలో వాడినవారు తమకు తెలిసిన యున్నతకుటుంబభాషనే వాడిరి. పదము దిగలేదు, గుఱ్ఱమే ఎక్కినది. అపకర్ష కలిగినది క్రియారూపమున. 17వ శతాబ్ది ఆదినుండి ‘సైర్’ కనుట, జన్మనిచ్చుట యను నర్థమున క్రియగా వాడబడుచున్నది. నేడు ఒక మనుష్యుడు ఇందఱు పిల్లలను ‘సైర్’ చేసెనని వ్రాసిన, అందు పరిహాసమో నిందయో ధ్వనించును. కన్నాడు గాని పెంచలేదను భావము కలుగును. దీనిని ‘తండ్రి యయ్యెను’ అని తెనిగించిన ఆ ధ్వని యెగిరిపోవును. మనకు ‘తండ్రి’, ‘జనకుడు’ అను భేదము కలదు. దత్తత ప్రసక్తిలో ‘జనకతండ్రి’ యని విడిగా చెప్పుచున్నాము. ఈ భేదమును వాడుకొనని యనువాదకుడు తన భాష యిచ్చిన పనిముట్టును పెట్టెలో నుంచినవాడగును. పశువుల విషయమున ‘జనకుడు’ సయితము అనవసరపు గాంభీర్యమే. రైతులయొద్ద ‘ఆబోతు’, ‘విత్తనపు పొట్టేలు’ ఉండగా మఱియొకటి యేల?

ఇపుడు మన ‘అయ్య’ మాట. తెలంగాణమునందును ఇతరత్ర పెక్కుచోట్లను ‘అయ్య’ తండ్రి. దేవాలయమున అర్చకుడు అయ్యవారు. వీథిబడిలో గురువు అయ్యవారు. అపరిచితునకు ‘అయ్యా’ యని సంబోధనము. రామయ్య, వెంకయ్యలలో పేరునకు తోక. ‘ఏమయ్యా’ యనిన గౌరవము తఱిగి చనువో యధికారమో తోచును. తండ్రి, ప్రభువు, పురోహితుడు, పెద్దమనిషి, పేరునంటిన గౌరవపదము, అదలింపు – ‘సైర్’, ‘సర్’, ‘సిరా’లు తిరిగిన చోట్లన్నియు ‘అయ్య’ యొంటిగా తిరిగినది. ఐనను దిక్కు ఒకటియేనా? ‘సైర్’ విషయమున లాటిను మూలము తెలియును గావున, పెద్దవాడు, ప్రభువు, తండ్రి యను క్రమమును నిశ్చయింపగలము. ‘అయ్య’ను ‘ఆర్య’ శబ్దమునుండి ప్రాకృతము ద్వారా వచ్చినదనువారు ఇదే క్రమమును చెప్పవలసియుండును. తమిళ కన్నడాది సోదరభాషలలోని రూపములతో చేర్చి ద్రావిడమనువారికి తండ్రియే మొదటి యర్థము కావచ్చును. రెండు ధారలు కలిసినవనుటయు సంభావ్యమే. ‘సైర్’ నడచిన త్రోవయే ‘అయ్య’యు నడచెనని సామ్యమును బట్టి తీర్పు చెప్పినచో, మేము మొదట ఖండించిన ‘శ్రీ’ వాదమునకును మా వాదమునకును భేదముండదు.

ఒక్క విషయమున మాత్రము తెలుగు తండ్రిపదములు ఆంగ్లపదమును దాటిపోయినవి. ‘నాయన’ తండ్రి, కాని తండ్రియే కొడుకును ‘నాయనా’ యని పిలుచును. ‘నా తండ్రీ’ యని తల్లి పసివానిని ముద్దాడును. ‘బాబు’ కొన్ని కుటుంబములలో తండ్రి, కొన్నింట యజమాని, అన్నింట పిల్లవాడు. ‘సైర్’ క్రిందికి దిగినపుడు తిరస్కారమైనది. ‘నాయన’ క్రిందికి దిగినపుడు వాత్సల్యమైనది. దీనికి కారణము బహుశః మూలమున నున్నది: ఒకటి పెద్దరికమును చెప్పు పదము, మఱియొకటి చుట్టఱికముగా వాడుకైన పదము. ఇది మా యూహ. సోదరభాషల సామగ్రితో పరిశోధకు లెవరైన పరీక్షింపదగును.

తుదకు ‘సారు’. ఆంగ్లమున ‘సర్’ పిలుపే గాని పేరు గాదు. ‘సర్ వచ్చెను’ అనుట ఆ భాషలో పొసగదు. బిరుదుగా పేరుతో చేరినపుడును, వంశనామముతో గాక స్వనామముతోనే చేరును. 1861లో ఆ బిరుదమునందిన ఆర్థర్ కాటన్‌ను ‘సర్ కాటన్’ అని వ్రాయుట తప్పు. 1931లో అందిన సర్వేపల్లివారిని ‘సర్ రాధాకృష్ణన్’ అనుట ఒప్పు, ఏలయన మన పద్ధతిలో ఇంటిపేరు ముందుండును. గోదావరి ప్రాంతమువారు ఈ నియమములతో పనిలేక ‘కాటన్ దొర’ యనిరి. అనువాదముగా అదియే సరియైనది. వాడుకతెలుగు ‘సర్’నకు ఉకారము చేర్చి నామవాచకముగా చేసికొన్నది. ‘సారు వచ్చారు’, ‘మా సారు చెప్పారు’ అనుచున్నాము. పాఠశాలలో సారు ఉపాధ్యాయుడు, కచ్చేరీలో అధికారి, కొందఱిండ్లలో ఇల్లాలు భర్తను గూర్చి ‘మా సారు’ అనును. తెలంగాణమున 2011లో దివంగతులైన ఆచార్య జయశంకర్‌ను జనులు ‘జయశంకర్ సారు’ అనియే తలతురు. అచట ఆ పదమున ఉద్యోగము గాని, బిరుదము గాని లేదు, అభిమానపూర్వకమైన పెద్దరికమే కలదు. లాటిను ‘సెనియోర్’కు మొదట నుండిన యర్థమునకు ఇది ఎంత సమీపమో చూడుడు.

2006లో భారత న్యాయవాదుల మండలి తన నియమములను సవరించి, న్యాయమూర్తులను ‘ప్రభూ’ యను నర్థము గల వెనుకటి పిలుపుతో సంబోధింప నక్కరలేదనియు, క్రింది న్యాయస్థానములలో ‘సర్’ అని గాని, ప్రాంతీయభాషలో దానికి సమానమైన పదముతో గాని పిలువవచ్చుననియు నిర్దేశించినది. దాస్యచిహ్నమైన ప్రభుశబ్దమును తొలగించి దాని స్థానమున నిలిపిన పదమును ఒకప్పుడు ప్రభువాచకమే! దీనిని ఎత్తిచూపి నియమమును పరిహసించువారున్నారు. వారితో మేము ఏకీభవింపము. పదమునకు అర్థమును ఇచ్చునది దాని పుట్టుక గాదు, వాడుక. ఏడువందల యేండ్లలో ‘సర్’ ప్రభుత్వమును విడిచి మర్యాదను మిగుల్చుకొన్నది. తెలుగున సమానపదము కావలెనన్నచో ‘అయ్యా’ సిద్ధముగా నున్నది. కాని న్యాయపీఠముపై స్త్రీ కూర్చున్నపుడు ‘అమ్మా’ యనవలసివచ్చును. అప్పుడు ఆంగ్లమున గాని తెలుగున గాని మనము పిలుచునది అధికారినా, ఇంటిపెద్దనా యను ప్రశ్న మరల తలయెత్తును. ‘సారు’ శబ్దమును నామవాచకముగా, పైని చెప్పిన యర్థభేదములతో, ప్రాంతవారిగా నమోదు చేయు పని మన నిఘంటుకారులు చేపట్టిననాడు ఈ ప్రశ్నకు కావలసిన సామగ్రి చేతికందును.